హార్డ్నర్ కలిపిన రంగు, పెయింటర్ ఊపిరి: తేలిన లెక్కలు, తేలని చిక్కులు

కారు తలుపు సొట్ట తీసి, పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, రంగు వేశాక ఆఖరున క్లియర్ కొడతారు. ఆ క్లియర్‌లో హార్డ్నర్ కలవకపోతే మెరుపు నిలవదు, పెట్రోలు చుక్క పడినచోట పొర మెత్తబడుతుంది. ఆ గట్టిదనాన్నీ మెరుపునూ ఇచ్చేవి హార్డ్నర్‌లోని ఐసోసైనేట్లు. వృత్తి వల్ల వచ్చే ఉబ్బసానికి ప్రపంచంలో ముఖ్య కారకాలుగా గుర్తించిన రసాయనాల్లో ఇవీ ఉన్నాయి. బ్రిటన్‌లో పని స్థలాల భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎస్‌ఈ అంచనా ప్రకారం, అక్కడి వాహన స్ప్రే పెయింటర్లకు ఉబ్బసం వచ్చే ముప్పు సగటు శ్రామికుడితో పోలిస్తే సుమారు 80 రెట్లు ఎక్కువ.

ముప్పు ఉందన్న విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. దాన్ని ఎలా ఆపాలన్న దగ్గరే చర్చ చిక్కుపడింది. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే పరికరం తప్పనిసరా, మంచి కార్ట్రిడ్జ్ మాస్కు చాలా? గాలిలో దేన్ని కొలవాలి, ఎంత దాటితే ప్రమాదం? ఊపిరితో పాటు చర్మాన్నీ కాచుకోవాలా? ఈ ప్రశ్నలకు ఒక్కో దేశం ఒక్కో జవాబు చెబుతోంది. ఆ జవాబుల వెనక ఉన్న కారణాలను, వాటి బలాబలాలను వరుసగా చూడడం, మన షెడ్లకు వాటిలో ఏది పనికొస్తుందో తేల్చడం ఈ సమీక్ష ఉద్దేశం.

## డబ్బాలో ఉన్నదేమిటి?

రెండు డబ్బాల రంగును పెయింటర్లు 2కె అని, పీయూ అని పిలుస్తారు. ఒక డబ్బాలో రెసిన్, రెండో డబ్బాలో హార్డ్నర్. కలిపిన క్షణం నుంచి హార్డ్నర్‌లోని ఎన్‌సీఓ అనే చురుకైన రసాయన భాగం రెసిన్‌తో ముడిపడుతూ పాలీయూరెథేన్ పొరగా మారుతుంది. ఈ ఎన్‌సీఓ నీటితోనూ కలుస్తుంది. మూత సరిగా పెట్టని హార్డ్నర్ డబ్బా గాలిలోని తేమకే ఉబ్బి, గడ్డకట్టి పాడవడం పెయింటర్లందరికీ తెలిసిందే. శ్వాసనాళాల్లోకి చేరినప్పుడు అది అక్కడి మాంసకృత్తులను కూడా ఇలాగే పట్టుకుంటుంది. వ్యాధికి మూలం ఈ చురుకుదనమే.

కారు రంగుల హార్డ్నర్లలో ఎక్కువగా వాడేది హెక్సామిథిలీన్ డైఐసోసైనేట్, క్లుప్తంగా హెచ్‌డీఐ. విడి హెచ్‌డీఐ త్వరగా ఆవిరై ఊపిరిలోకి చేరుతుందన్న భయంతో తయారీదారులు దాని అణువులను మూడేసి చొప్పున కలిపి, బరువైన పాలిమర్ రూపంలోకి మార్చారు. ఈ రోజు డబ్బాల్లో విడి హెచ్‌డీఐ సాధారణంగా ఒక శాతం లోపే ఉంటుంది. పాలిమర్ దాదాపుగా ఆవిరి కాదు. కాబట్టి డబ్బా మూత తీసినప్పటి కంటే, గన్ ట్రిగ్గర్ నొక్కినప్పుడే అసలు ముప్పు. కంప్రెసర్ గాలి ఆ రసాయనాన్ని సన్నని తుంపరగా చీల్చి నేరుగా ముక్కు ఎత్తులో నిలబెడుతుంది. స్ప్రే జరుగుతున్న నిమిషాల్లో ఆ తుంపర ఘనపు మీటరు గాలిలో మిల్లీగ్రాముల స్థాయికి చేరడం కొలతల్లో కనిపించింది.

ఐసోసైనేట్ అనగానే తెలుగు పాఠకుడికి 1984 డిసెంబరు నాటి భోపాల్ గుర్తుకు రావడం సహజం. అక్కడ ప్రాణాలు తీసిన మిథైల్ ఐసోసైనేట్ ఈ కుటుంబానిదే అయినా దాని స్వభావం వేరు. అది సుమారు 39 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగి, వాయువై ఒక్క రాత్రిలో వేలమందిని కబళించింది. హార్డ్నర్ అలా మూకుమ్మడిగా చంపదు. నెలలు, ఏళ్ల తరబడి ఒక్కొక్కరి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. అందుకే వార్తలకు ఎక్కదు.

## చర్చ ఇక్కడిదాకా ఎలా వచ్చింది?

కార్లకు గన్‌తో త్వరగా ఆరే రంగు కొట్టడం 1920లలో నైట్రోసెల్యులోజ్ లాకర్‌తో ఊపందుకుంది. డ్యూపాంట్ సంస్థ ‘డ్యూకో’ పేరుతో తెచ్చిన ఆ రంగు పేరు మన షెడ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. అప్పటి ముప్పు ప్రధానంగా థిన్నర్‌ది, నిప్పుది. 1937లో జర్మనీలోని లెవర్కుజెన్‌లో ఒట్టో బేయర్ బృందం పాలీయూరెథేన్ రసాయనానికి దారి తీసింది. 1951లోనే ఫ్రాన్స్‌లో ఫుక్స్, వాలాడ్ అనే వైద్యులు ఐసోసైనేట్‌తో పనిచేసిన కార్మికుల్లో శ్వాస జబ్బును వైద్య పత్రికకు ఎక్కించారు. అంటే ఈ రసాయనం మార్కెట్‌లో నిలదొక్కుకునే నాటికే హెచ్చరిక కూడా వెలువడింది.

1970ల తర్వాత రిపేరు షెడ్లలో 2కె రంగులు వ్యాపించాయి. పెద్ద ఫ్యాక్టరీల్లో ఉండే ముప్పు వేలాది చిన్న షెడ్లకు పాకింది. 1983లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రం ఐసోసైనేట్‌తో పనిచేసేవారికి వైద్య పర్యవేక్షణ తప్పనిసరి చేసింది. ఆ తర్వాత అక్కడ జబ్బును ముందే పట్టుకోగలిగారు, 1990లలో కొత్త కేసులు తగ్గుముఖం పట్టాయి. 1996లో అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధనా సంస్థ నియోష్, డైఐసోసైనేట్ల వల్ల ఉబ్బసమే కాక మరణాలు కూడా సంభవిస్తున్నాయని ప్రత్యేక హెచ్చరిక జారీ చేసింది. 2020లో ఐరోపా సమాఖ్య, విడి డైఐసోసైనేట్ 0.1 శాతం దాటిన సరుకు వాడే ప్రతి కార్మికుడికీ శిక్షణ ఉండి తీరాలని నియమం చేసింది. 2023 ఆగస్టు 24 నుంచి అది అమలవుతోంది.

## జబ్బు నడిచే తీరు

ఐసోసైనేట్ ఉబ్బసానికి రెండు దశలు. మొదటి దశలో పైకి ఏమీ కనిపించదు. నెలలో, కొన్నిసార్లు ఏళ్లో గడిచాక శరీరం ఆ రసాయనాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. దీన్ని సున్నితీకరణ అంటారు. రెండో దశలో అతి స్వల్ప మోతాదు కూడా ఆయాసం, పిల్లికూతలు, ఛాతీ బిగపట్టడం తెస్తుంది. ఒకసారి ఈ గీత దాటిన మనిషికి ‘తక్కువ మోతాదు’ అన్న మాటకు అర్థం ఉండదు. పక్కన ఎవరో కొడుతున్న స్ప్రే చాలు.

లక్షణాలు చాలాసార్లు స్ప్రే చేస్తుండగా రావు. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత, ఇంటికి చేరి పడుకున్నాక దగ్గు మొదలవుతుంది. అందుకే దాన్ని దుమ్ము వల్లనో, చలి వల్లనో, సిగరెట్ వల్లనో వచ్చిందనుకుంటారు. సెలవుల్లో తగ్గి, పనిలోకి వెళ్లగానే తిరగబెట్టే దగ్గును వైద్యుడు అనుమానించాలి. ఊదితే గాలి వేగం చూపే పీక్ ఫ్లో మీటరు ఖరీదైనది కాదు. పని రోజుల్లోనూ సెలవు రోజుల్లోనూ రోజుకు నాలుగైదుసార్లు ఊది, అంకెలు రాసుకుంటే తేడా బయటపడుతుంది. లక్షణాలు మొదలైన తొలినాళ్లలోనే హార్డ్నర్‌కు దూరమైనవారు కోలుకునే అవకాశం ఎక్కువ. ఆలస్యమైనవారిలో చాలామందికి వృత్తి మానేసినా ఉబ్బసం మిగిలిపోతుంది.

ఎవరికి వస్తుందో ముందే చెప్పగలమా? పుప్పొడి, దుమ్ము వంటివాటికి అలర్జీ ఉన్నవారికే ఐసోసైనేట్ ఉబ్బసం వస్తుందన్న ఊహ నిలవలేదు. రక్తపరీక్షలో ప్రత్యేక ఐజీఈ ప్రతిరక్షకాలు రోగుల్లో కొద్దిమందికే కనిపిస్తాయి. కనుక ‘నాకు అలర్జీలు లేవు, పాతికేళ్లుగా కొడుతున్నా ఏమీ కాలేదు’ అన్న ధీమాకు వైద్యశాస్త్రంలో ఆధారం లేదు.

## ఎంత దాటితే ప్రమాదం? అంకెల తగాదా

దేశాల పరిమితులు పక్కపక్కన పెడితే గందరగోళం కనిపిస్తుంది. కొలిచే వస్తువే వేరు కావడం దీనికి కారణం.

- అమెరికా: కార్మిక భద్రతా సంస్థ ఓషాకు హెచ్‌డీఐ మీద కట్టుబడి ఉండాల్సిన పరిమితే లేదు. నియోష్ సిఫారసు వంద కోట్ల భాగాల గాలిలో 5 భాగాలు, అంటే ఘనపు మీటరుకు 35 మైక్రోగ్రాములు. ఇది విడి హెచ్‌డీఐకి మాత్రమే. ఓరెగాన్ రాష్ట్రం ఒక అడుగు ముందుకేసి హెచ్‌డీఐ పాలిమర్‌కు ఘనపు మీటరుకు 0.5 మిల్లీగ్రాముల సగటు పరిమితి పెట్టుకుంది.
- బ్రిటన్: ఏ రూపంలో ఉన్నా సరే, మొత్తం ఎన్‌సీఓను లెక్కిస్తుంది. 8 గంటల సగటు 20 మైక్రోగ్రాములు, 15 నిమిషాలకు 70.
- ఐరోపా సమాఖ్య: 2024 ఆదేశంతో మొత్తం ఎన్‌సీఓకు 8 గంటల సగటు 6 మైక్రోగ్రాములు, కొద్దిసేపటి పరిమితి 12. 2028 చివరిదాకా 10, 20 అంకెలకు వెసులుబాటు ఇచ్చింది.

నియోష్ 35 మైక్రోగ్రాముల హెచ్‌డీఐని ఎన్‌సీఓ లెక్కలోకి మారిస్తే సుమారు 17 వస్తుంది. బ్రిటన్ 20కి దగ్గరే కదా అనిపిస్తుంది. అయితే హార్డ్నర్‌లో ఒక శాతం కూడా లేని విడి హెచ్‌డీఐకే అమెరికా అంకె వర్తిస్తుంది. మిగిలిన పాలిమర్ తుంపర ఆ కొలతకు చిక్కనే చిక్కదు. విడి హెచ్‌డీఐ కొలిచి ‘పరిమితి లోపే ఉంది’ అని ఇచ్చే నివేదిక ఈ కారణంగా పెయింటర్‌కు తప్పుడు భరోసా ఇవ్వగలదు. మొత్తం ఎన్‌సీఓను కొలిచే పద్ధతే స్ప్రే పనికి సరైనదన్న వాదన ఈ విషయంలో బలంగా ఉంది.

ఏ అంకె దగ్గర సున్నితీకరణ అసలు జరగదో చెప్పే గట్టి ఆధారం ఇంతవరకూ లేదు. ఐరోపా పరిమితులు కూడా ముప్పును తగ్గించేవే, పూర్తిగా తొలగించేవి కావు.

## ఊపిరిని ఎలా కాపాడాలి? మూడు వాదాలు

మొదటిది: బయటి గాలి తప్పనిసరి. బ్రిటన్ వైఖరి ఇది. స్ప్రే చేసే మనిషికి గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందాలి. కార్ట్రిడ్జ్ మాస్కును ఈ పనికి ఒప్పుకోరు. దీని వెనక తర్కం సూటిగా ఉంది. కార్ట్రిడ్జ్ నిండిపోతే థిన్నర్ వాసన లోపలికి వచ్చి హెచ్చరిస్తుంది. కానీ హెచ్‌డీఐ వాసన తెలిసేసరికే ప్రమాదకర స్థాయి దాటిపోతుంది. ముఖానికి అంటుకునే మాస్కు గడ్డం ఉన్నవారికి బిగుతుగా కూర్చోదు. గాలి అందించే విజర్, హుడ్ అయితే గడ్డం ఉన్నా పనిచేస్తాయి, పైగా ఎండాకాలంలో ముఖానికి చల్లగాలి తగులుతుంది.

ఈ పద్ధతికీ బలహీనతలున్నాయి. షెడ్డు కంప్రెసర్ గాలి నేరుగా పీల్చదగ్గది కాదు. నూనె ఆవిరి, తేమ, కంప్రెసర్ వేడెక్కితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అందులో ఉండవచ్చు. కంప్రెసర్ గాలిని ఎక్కడి నుంచి లాగుతోంది, వడపోత ఎలా ఉంది, క్రమం తప్పకుండా పరీక్షిస్తున్నారా అన్నవి చూడకుండా గొట్టం తగిలిస్తే ఒక ముప్పు పోయి ఇంకొకటి వస్తుంది.

రెండోది: షరతులతో కార్ట్రిడ్జ్ చాలు. అమెరికాలో ఓషా 1998 నియమం దీనికి దారి ఇచ్చింది. కార్ట్రిడ్జ్‌ను ఎప్పుడు మార్చాలో ముందే లెక్కగట్టిన కాలపట్టిక ఉండాలి, ముఖానికి మాస్కు సరిగా కూర్చుందో పరీక్షించాలి. సాంకేతికంగా దీనికి బలముంది. హెచ్‌డీఐ ఆవిరిని కార్ట్రిడ్జ్‌లోని ఉత్తేజిత బొగ్గు బాగానే పట్టుకుంటుంది, పాలిమర్ తుంపరను దాని ముందున్న కణాల ఫిల్టర్ ఆపుతుంది. అమెరికాలోని కనెటికట్‌లో యేల్ పరిశోధకులు రిపేరు షెడ్లలో చేసిన అధ్యయనంలో, సరిగా కూర్చున్న సగం ముఖపు మాస్కులు చట్టం వాటికి లెక్కగట్టిన 10 రెట్ల రక్షణ కంటే చాలా ఎక్కువే ఇచ్చాయి.

అయితే ఈ ఫలితం ‘సరిగా కూర్చున్న’ అన్న మాట మీద ఆధారపడి ఉంది. పరిశోధకుల ముందు సరైన సైజు మాస్కు బిగించుకున్న పెయింటర్‌కు అందిన రక్షణ, నెలల తరబడి మార్చని కార్ట్రిడ్జ్‌తో, సడలిన పట్టీతో పనిచేసే పెయింటర్‌కు అందదు. సర్జికల్ మాస్కు, కర్చీఫ్, దుమ్ము మాస్కు ఈ చర్చలోకే రావు. ఎన్‌95 తుంపర కణాలను కొంతవరకు ఆపినా ఆవిరిని ఆపలేదు.

మూడోది: మాస్కు చివరి మెట్టు, మూలాన్ని ముందు కట్టడి చేయాలి. పారిశ్రామిక పరిశుభ్రత నిపుణుల మూల సూత్రం ఇది. గాలిని కిందికి లాగి ఫిల్టర్ల గుండా పంపే బూత్, రంగును వృథా తక్కువ చేసే హెచ్‌వీఎల్‌పీ గన్, ఐసోసైనేట్ లేని సరుకు ఈ వరుసలో వస్తాయి. పాత పద్ధతి గన్‌తో కొట్టిన రంగులో సగానికి పైగా ప్యానెల్‌కు అంటకుండా గాలిలో కలిసిపోతుంది. కొన్ని దేశాల నియమాలు ఇప్పుడు కనీసం 65 శాతం అంటుకునే గన్‌నే అడుగుతున్నాయి. అతినీలలోహిత కాంతితో ఆరే క్లియర్లు, ఐసోసైనేట్ లేని ఇతర రసాయనాలు మార్కెట్‌లోకి వచ్చాయి. ధరలోనూ వాడకంలోని వెసులుబాటులోనూ అవి ఇంకా 2కె స్థానాన్ని తీసుకోలేదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. ‘నీటి రంగు’ అన్నంత మాత్రాన హార్డ్నర్ ముప్పు పోదు. ఐరోపాలో బేస్ కోట్లు నీటి ఆధారానికి మారింది థిన్నర్ ఆవిరి తగ్గించడానికి. దాని మీద కొట్టే క్లియర్‌లో చాలావరకు ఐసోసైనేట్ అలాగే ఉంది.

మూడింటి పోలిక. గాలి సరఫరా పద్ధతి తప్పులకు తక్కువ తావిస్తుంది, ఖర్చు ఎక్కువ అడుగుతుంది. కార్ట్రిడ్జ్ పద్ధతి చవక, కానీ భారమంతా పెయింటర్ క్రమశిక్షణ మీద పెడుతుంది. మూలాన్ని కట్టడి చేసే పద్ధతి పెయింటర్‌తో పాటు షెడ్డులోని హెల్పర్‌ను, పక్క దుకాణాన్ని కూడా కాపాడుతుంది. కానీ మంచి బూత్‌లో నిలబడి కొట్టే మనిషికి కూడా ముక్కు దగ్గర తుంపర తప్పదు కాబట్టి, అదొక్కటే సరిపోదు. లోతుగా చూస్తే ఇవి ఒకదానికొకటి పోటీ కావు. మొదటి రెండూ ముఖం మీద ఏముండాలన్న దానిపై వాదించుకుంటున్నాయి, మూడోది ఆ ముఖం చుట్టూ ఏముండాలో చెబుతోంది.

## మాస్కు తీసే నిమిషం

మాస్కుల వాదంలో మరుగునపడిన విషయాన్ని బ్రిటన్ అనుభవం వెలికి తెచ్చింది. గన్ ఆపగానే మెరుపు ఎలా వచ్చిందో చూడడానికి పెయింటర్ విజర్ పైకి ఎత్తుతాడు. కంటికి కనిపించని సన్నని తుంపర అప్పటికి ఇంకా గాలిలోనే ఉంటుంది. పొగ వదిలి, అది పూర్తిగా పోవడానికి పట్టే కాలాన్ని ప్రతి బూత్‌కూ కొలిచి, తలుపు మీద రాసి ఉంచాలని హెచ్‌ఎస్‌ఈ చెబుతుంది. మంచి బూత్‌లో ఇది ఐదు నిమిషాల లోపే ఉంటుంది. గది లాంటి చోట ఇరవై నిమిషాల దాకా పట్టవచ్చు. ఈ జాగ్రత్తకు ఖర్చు లేదు. ఎంత ఖరీదైన పరికరం ఉన్నా ఇది పాటించకపోతే ఫలితం తగ్గిపోతుంది.

రక్షణ నిజంగా పనిచేసిందో లేదో పని ముగిశాక మూత్ర పరీక్ష చెబుతుంది. శరీరంలోకి చేరిన హెచ్‌డీఐ హెక్సామిథిలీన్ డైఅమీన్‌గా బయటికి వస్తుంది. మాస్కు ఎంత రక్షణ ఇవ్వాలన్న పుస్తకపు లెక్కను పక్కనపెట్టి, ఈ మనిషికి ఇవాళ ఎంత అందిందో నేరుగా చూపడం ఈ పరీక్ష బలం.

## చర్మం: ఆలస్యంగా చేరిన ప్రశ్న

ఊపిరి ఒక్కటే దారి అన్న నమ్మకాన్ని 2000ల నుంచి వచ్చిన పరిశోధన కదిలించింది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో చర్మానికి ఐసోసైనేట్ రాస్తే సున్నితీకరణ జరిగి, తర్వాత అదే రసాయనాన్ని పీల్చినప్పుడు శ్వాసనాళాలు వాచాయి. మనుషుల్లో ఈ దారి వాటా ఎంతన్నది తేలలేదు. తేలేదాకా వేచి ఉండాల్సిన పని లేదు. హార్డ్నర్ కలిపేటప్పుడు, గన్ కడిగేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవడం, లేటెక్స్‌ను నమ్మకపోవడం చిన్న జాగ్రత్తలే.

పైకి ఆరినట్టు కనిపించే పొర సంగతి కూడా ఇందులోనిదే. ఓవెన్‌లో కాకుండా గాలికి ఆరబెట్టిన క్లియర్ మీద చర్య జరగని ఎన్‌సీఓ రోజుల నుంచి వారాల దాకా మిగిలి ఉండడం పరిశోధకులు గమనించారు. పాలిష్‌కు, రబ్బింగ్‌కు కూర్చునే హెల్పర్‌కు స్ప్రేతో సంబంధం లేదనుకోవడం అందుకే సరికాదు.

## మన ఆటోనగర్ల లెక్క

పైన చెప్పిన ఆధారాల్లో ఎక్కువ భాగం బూత్‌లు, వైద్య పర్యవేక్షణ, తనిఖీ అధికారులు ఉన్న దేశాలది. విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాద్ ఆటోనగర్లలో, జాతీయ రహదారుల పక్క షెడ్లలో పరిస్థితి వేరు. పెద్ద కంపెనీల సర్వీస్ సెంటర్లలో బూత్ ఉంటుంది. చిన్న షెడ్డులో రేకుల కింద, తెర కట్టి, కొన్నిసార్లు ఆరుబయట స్ప్రే జరుగుతుంది. ఆరుబయట గాలికి తుంపర పలచబడుతుంది, నిజమే. కానీ పక్కన టింకరింగ్ చేసేవాడు, టీ తెచ్చిన కుర్రాడు కూడా దాన్నే పీలుస్తారు. లారీ బాడీ, బస్సు బాడీ మీద స్ప్రే గంటల తరబడి సాగుతుంది. కారు తలుపు లెక్క దానికి సరిపోదు.

చట్టం ఈ ముప్పును ఎరుగనిది కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో, తప్పనిసరిగా అధికారులకు తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఐసోసైనేట్ విషప్రభావాన్ని చేర్చారు. లోపం వర్తింపులో ఉంది. ఆ చట్టం కరెంటు వాడే చోట 10 మంది పనివాళ్లు ఉంటేనే ఫ్యాక్టరీగా చూసేది. 2020లో వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ గీతను 20కి పెంచింది. నలుగురైదుగురు పనిచేసే పెయింట్ షెడ్డు రెండు లెక్కల్లోనూ బయటే ఉంది. ఎవరికి జబ్బు ముప్పు ఎక్కువో వారి దగ్గరికే తనిఖీ చేరదు.

## తేలనివి, తేలినవి

తేలని ప్రశ్నలు ఇవి: సున్నితీకరణకు సురక్షిత పరిమితి అంటూ ఉందా? పాలిమర్, విడి హెచ్‌డీఐలలో దేని వాటా ఎంత? చర్మం దారి ఎంత ముఖ్యం? ఎవరికి వస్తుందో ముందే చెప్పే పరీక్ష సాధ్యమేనా? బూత్ లేని షెడ్డుకు ఏ రక్షణ ఎంత ఫలితం ఇస్తుంది? చివరి ప్రశ్నకు జవాబు ఇంకెవరో తెచ్చి ఇవ్వరు. మన వైద్య కళాశాలలు, ఇంజినీరింగ్ కళాశాలలు ఆటోనగర్లలోకి వెళ్లి కొలిస్తేనే దొరుకుతుంది.

తేలినవి అంతకంటే ఎక్కువ. వాసన హెచ్చరిక కాదు. గుడ్డ, దుమ్ము మాస్కు రక్షణ కావు. బయటి గాలి అందించే పరికరం అన్నిటికంటే నమ్మదగినది. అది లేనిచోట సేంద్రియ ఆవిరి కార్ట్రిడ్జ్, దాని ముందు కణాల ఫిల్టర్, శుభ్రంగా గీసిన గడ్డం, తారీఖు వేసి మార్చే అలవాటు కనీస అవసరం. స్ప్రే చోటు మిగతా పనులకు దూరంగా ఉండాలి. గన్ ఆపాక కూడా మాస్కు ఉంచుకోవాలి. రాత్రి దగ్గు మొదలైతే పని సంగతి డాక్టరుకు చెప్పాలి. ఒకసారి సున్నితీకరణ జరిగినవారు మెరుగైన మాస్కుతో అదే పని కొనసాగించాలనుకోకూడదు.

బయటి గాలి వాదానికీ కార్ట్రిడ్జ్ వాదానికీ మధ్య ఎటు మొగ్గాలో నిర్ణయించేది ఈ జబ్బు స్వభావమే. దెబ్బ తగిలాక వెనక్కి తీసుకునే వీలు తక్కువ, దెబ్బ తగులుతున్నట్టు ముందుగా తెలియదు. అలాంటప్పుడు సందేహాన్ని రక్షణ వైపే లెక్కగట్టాలి. ఒక్కో షెడ్డు బూత్, శుభ్రమైన గాలి పరికరం కొనలేకపోవచ్చు. ఆటోనగర్ సంఘం పది షెడ్లకు కలిపి ఒక బూత్ కట్టగలదు. హార్డ్నర్ అమ్మే డీలరు డబ్బాతో పాటు సరైన కార్ట్రిడ్జ్‌ను, తెలుగులో రాసిన వాడుక పద్ధతిని ఇవ్వగలడు. ప్రభుత్వం మనుషుల సంఖ్యను కాక వాడే రసాయనాన్ని బట్టి తనిఖీ పరిధిని గీయగలదు. ఈ మూడింటిలో ఏదీ కొత్త పరిశోధన కోసం ఆగాల్సిన పని లేదు.